గేజు ముల్లు

దుందుభి ఒడ్డున పాత అంగన్‌వాడి గది
వానకు పగల్లే.
వాన కొట్టిన దినాలు బాగనే ఉండె.
పగిలింది ఎండకాలంల,
వాగుల ఇసుకను లారీలు ఎత్తుకపోయినంక:
కిటికీ మూల నుంచి గడప దాక
ఏటవాలుగ ఒక గీత.
పిల్లలు అందుల బలపాలు దాచుకునేటోళ్లు.
బలపాలు లోపలికి జారిపోతుంటె
గోడ తింటున్నదని ఆయమ్మకు చెప్పేటోళ్లు.

కొత్త గదికి ముగ్గు పొయ్యనీకి నేనొచ్చిన.
పాలిటెక్నిక్ అయి ఎనిమిది నెలలు,
చెప్పులల్ల ఇసుక, చేతిల డ్రాయింగు.
మూడడుగులు తవ్వితె ఇసుక.
ఆరడుగులు తవ్వితె అదే ఇసుక,
ఇంకా సన్నది, ఇంకా తడిది.
రాయి తగిలే దాక పోయేటంత పైస
ఎస్టిమేటుల లేదు.

"ఇసుకకు బలం లేదు మేస్త్రీ" అన్న.
ఉశన్న బీడి ఆర్పి చెవి మీద పెట్టుకున్నడు.
"బలం లేకేం బిడ్డా. బరువు పెడితె
అది కిందికి పోదు, పక్కకు పోతది.
పక్కన పట్టుకునేటోడు ఉండాలె."
మడిమతోటి తొక్కి చూపిచ్చిండు,
చుట్టూత చిన్న గట్టు లేసింది.
మా పుస్తకంల ఇదే బొమ్మ,
పునాది కింద రెండు దిక్కుల రెక్కల లెక్క వంపు గీతలు.
పది మార్కులకు గీసిన.
మడిమ కింద ఎన్నడు చూడలే.

మొదలు ఇసుకను ఇసుకతోనే తూచినం.
అడుగు వెడల్పు ఇనుప పలక, మీద జాకీ,
ఆ పైన దూలాల మీద ఇసుక బస్తాల గుట్ట.
గేజు ముందల బోర్ల పండుకొని నేను.
టన్నున్నర కాడ ముల్లు
ఇరవై మిల్లీమీటర్లు దాటి
ఇంకా తిరుగుతనే ఉన్నది.
చాలు, దించుండ్రి అన్న.
ఆ రాత్రి జడ్చర్ల రూముల పండుకున్నా
కండ్లు మూస్తె ముల్లే.

మాసమ్మ ముఠా పొద్దుగాల్నే దిగింది.
ఎక్కడెక్కడి కాలువ కట్టలో తొక్కొచ్చిన కాళ్లు.
నడుము లోతు ఇసుక తీసి పక్కన పోసిన్రు.
మళ్ల జానెడు ఇసుక, ట్యాంకరు నీళ్లు, దిమ్మిస.
జానెడు ఇసుక, నీళ్లు, దిమ్మిస.
తొలి దెబ్బలకు మెత్తటి సప్పుడు,
పరుపు మీద గుద్దినట్టు.
ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో సప్పుడు గట్టివడ్తది.
మాసమ్మ తల పక్కకు వంచి ఇని
"ఇగ సాలు" అంటది.
నేను గొట్టం దింపి, తీసి, ఆరబెట్టి, తూకమేసి
గంట తర్వాత అదే మాట అంట.

పట్నం నుంచి నల్ల జాలి చుట్ట వచ్చింది.
"కోళ్లను పెంచుతరా మేడం?" నవ్విన్రు.
పునాది వెడల్పుల పావు వంతు లోతున ఒక పొర,
దాని కింద ఇంకోటి,
అంచులు అటిటు బాగ బయటికి రావాలె.
జాలి కన్నులల్ల ఇసుక ఇరుక్కుంటది,
పక్కకు పోబోయిన గింజను జాలి గుంజి పడ్తది.
ఇంత చెప్పిన.
"సాప నాలుగు మూలల మనుషులు కూసున్నట్టు" అన్నది మాసమ్మ.
కాదనబోయి ఊకున్న.

అరుగు మెట్టు కాడికొచ్చేసరికి జాలి ఒడిసింది.
ఉశన్న ఇంటికిపోయి
యూరియా సంచులు కోసి పట్టుకొచ్చిండు.
"ఇది కోడుల లేదు" అన్న.
"మెట్టు కూడ డ్రాయింగుల లేదు గద."

రెండోసారి పలక, జాకీ, బస్తాలు.
అదే టన్నున్నర.
ఐదు కాడ ముల్లు నిలబడ్డది.
గేజు చెడిపోయిందేమోనని ఏలుతోటి తట్టి చూసిన.
ఎనుక ఎవలో ఇసుకల కూలబడి
సద్ది ఇప్పుతున్న సప్పుడు.

రెండు వానకాలాలు పోయినై.
మొన్న ఆ తొవ్వల పోతు బండి ఆపిన.
నాలుగు గోడలు తడిమిన, ఎక్కడ గీత లేదు.
ఒక పిలగాడు నా ఎంబడే తిరిగి తిరిగి
బలపం ఏడ దాసుకోవాలె అని అడిగిండు.

మెట్టు మాత్రం ఒక పక్క
గోరు మందం దిగింది.
రిజిస్టర్ల రాయలే.
దాని మీదనే కూసొని
చెప్పులల్ల ఇసుక దులుపుకున్న.